గొల్లకావడి క్రింద పసినక్షత్రములు

పలనాడు జిల్లాలోని కొండవీడు ఆంధ్రదేశ చరిత్రలో పేరెన్నికగన్న దుర్గము. మాఘమాసమున రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల వేళ ఆ కొండమీద గాని, దాని చుట్టునుగల పల్లెలలో గాని నిలిచి, దక్షిణదిశకు తిరిగి తలయెత్తినచో, నడినెత్తికి కొంచెము దిగువగా మూడు చుక్కలు ఒకే వరుసలో కనబడును. మన పల్లెలలో వానిని గొల్లకావడి అందురు. పాశ్చాత్యులకు అవియే ఒరాయన్ అను వేటగాని నడికట్టు. ఆ కావడికి క్రిందుగా, వ్రేలాడుచున్న కత్తివలె, మరి మూడు చిన్న చుక్కలు నిలువుగా ఉండును. వానిలో నడిమిది తక్కిన రెంటివలె స్ఫుటముగా మెఱయక, మంచు కప్పినట్లు మసకగా ఉండును. కంటిచూపు మంచిదై, వెన్నెల లేని రాత్రియైనచో దూరదర్శిని లేకయే దీనిని గుర్తింపవచ్చును.

ఈ మసక చుక్క ఒక నక్షత్రము కాదు. నక్షత్రములు పుట్టుచున్న తావు అది. దీనిని ఒరాయన్ నీహారిక అందురు. ఆ పురిటింటిలో నేడు జరుగుచున్న ఒక పోరాటమును గూర్చి ఇచట ముచ్చటింప దలచినాము. అక్కడ కొలది పెద్ద నక్షత్రముల వెలుగు సోకి వేలకొలది చిన్న నక్షత్రముల సొత్తు కరగిపోవుచున్నది. ఆ సొత్తు సామాన్యమైనది కాదు. భూమివంటి లోకములు పుట్టవలసినది దానినుండియే.

ముందుగా దూరము మాట. పొడవైన దానిని చెప్పవలసి వచ్చినప్పుడు మనవారు కొండవీటి చాంతాడును తలచుకొందురు. కొండవీటి నూతులు అంత లోతైనవట. కాని ఆకాశములో చాంతాళ్లు చాలవు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తు వెలుగు ఒక ఏడాదిలో పోవు దూరమును కాంతిసంవత్సరము అందురు. ఒరాయన్ నీహారిక మనకు సుమారు 1,300 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నది. అనగా నేడు మన కంటిని చేరిన వెలుగు, వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుచున్న నాటికి అక్కడ బయలుదేరినది. 14వ శతాబ్ది నడుమ అనవోతారెడ్డి తన రాజధానిని అద్దంకినుండి కొండవీటికి మార్చిననాడు ఆ వెలుగు ఇంచుమించు సగము దారిలో ఉన్నది. మనకిది ఎంతో కాలముగా తోచినను, నక్షత్రముల లెక్కలో ఒక రెప్పపాటు మాత్రమే.

1610లో ఫ్రాన్సు దేశస్థుడగు పైరెస్క్ ఈ నీహారికను దూరదర్శినితో చూచెను. 1656లో హాలెండు దేశపు హైగెన్స్ దానిని మరల చూచి, దాని రూపమును చిత్రించెను. దాని నడుమ నాలుగు ప్రకాశవంతములైన నక్షత్రములు దగ్గరదగ్గరగా గుమిగూడి ఉన్నవి. అవి నాలుగును కలిసి విషమ చతుర్భుజమువలె కనబడుటచే వానికి ట్రెపీజియము అను పేరు కలిగినది. మన కథలో బలవంతులు వీరే. వీరిని గూర్చి చెప్పుటకు ముందు నక్షత్రములు ఎట్లు పుట్టునో కొంచెము తెలిసికొందము.

నక్షత్రముల నడుమ ఆకాశము శూన్యము కాదు. అందందు హైడ్రోజను మొదలగు వాయువులును, మిక్కిలి సన్నని ధూళియు కలిసిన చల్లని మేఘములు ఉన్నవి. అట్టి మేఘములో ఒక భాగము తన బరువునకు తానే లోపలికి కుంగి, కుంగినకొలది వేడెక్కి, తుదకు నక్షత్రమగును. దారమునకు రాతిని కట్టి గిఱగిఱ త్రిప్పుచు దారమును దగ్గరకు లాగినచో ఆ రాయి మరింత వేగముగా తిరుగును గదా. కుంగుచున్న మేఘమునకు కూడ ఇదే జరుగును. ఆదిలో దానికి గల మెల్లని తిరుగుడు క్రమముగా హెచ్చును. అందుచేత మేఘములోని పదార్థమంతయు నక్షత్రములో పడక, కొంత భాగము దాని చుట్టును బల్లపరుపైన చక్రమువలె పరచుకొని తిరుగుచుండును. దీనిని మనము ధూళిచక్రము అందము. ఇందులో ధూళికంటె వాయువే అధికము. ధూళి నూటికి ఒక పాలు మాత్రమే ఉండును. ఆ ధూళిరేణువులు ఒకదానికొకటి అంటుకొని గులకరాళ్లై, గులకరాళ్లు కొండలై, కొండలు గ్రహములగును. మన భూమియు, కుజుడును, బృహస్పతియు 460 కోట్ల సంవత్సరములకు దరిదాపుగా ఇట్టి చక్రమునుండియే పుట్టినవి.

నల్లని చిన్న మేఘముల గుళికలలో నక్షత్రములు పుట్టుచుండవలెనని 1947లో బార్ట్ బాక్, ఎడిత్ రైలీ అను శాస్త్రజ్ఞులు చెప్పిరి. తరువాతి పరిశోధనలు ఆ యూహను బలపరచినవి. ఈ బాక్ పేరు తెలుగునాటికి కొత్త కాదు. వైను బప్పు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివినవాడు. అతని తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసెను. ఆ యువకుడు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, 1949లో బాక్‌తోను, న్యూకర్క్‌తోను కలిసి ఒక తోకచుక్కను కనుగొనెను. ఆ తోకచుక్క వారు మువ్వురి పేరుతోనే పిలువబడుచున్నది. భారతదేశమునకు గొప్ప వేధశాలలను సమకూర్చిన బప్పునకు ఆకాశవిద్య మొదట అబ్బినది హైదరాబాదులోనే.

నక్షత్రములన్నియు ఒక్క పరిమాణము గలవి కావు. ఒకే మేఘమునుండి పుట్టిన వానిలో అత్యధికములు సూర్యునికంటె చిన్నవి. ఆకాశములోని నక్షత్రములలో నాలుగింట మూడు వంతులకు దరిదాపుగా సూర్యునిలో సగము పదార్థమైనను లేని ఎఱ్ఱని చిన్న నక్షత్రములే. సూర్యునికి పది యిరువది రెట్లు బరువైనవి మిక్కిలి అరుదు. ఒరాయన్ నీహారికలో రెండు మూడు వేల పసినక్షత్రములు ఉండగా, పెద్దవానిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. కాని వెలుగు విషయమున ఈ లెక్క తలక్రిందులగును. ట్రెపీజియములోని నాలుగింటిలో మిక్కిలి పెద్దదానిని తీటా-1 సి అందురు. దాని బరువు సూర్యునికి ముప్పది రెట్లకు మించినది. అది వెలార్చు వెలుగు సూర్యుని వెలుగుకంటె లక్ష రెట్లకు పైగా ఉండును. సూర్యుని ఉపరితలపు వేడిమి సుమారు 5,500 డిగ్రీలు కాగా, దానిది 39,000 డిగ్రీలకు దరిదాపు. అంత వేడిగల నక్షత్రము వెదజల్లు కాంతిలో హెచ్చు భాగము మన కంటికి కనబడదు. అది అతినీలలోహిత కిరణముల రూపమున వెలువడును. ఎండలో మన చర్మమును కమిలించునవి ఈ జాతి కిరణములే. ఇట్టి బలమైన కిరణముల నడుమ చిన్న నక్షత్రములు తమ ధూళిచక్రములను కాపాడుకొనవలసి వచ్చినది.

ఈ సంగతి ఒక్కనాటిలో తేలినది కాదు. 1979లో లాక్, విడాల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ట్రెపీజియమునకు సమీపమున ఆరు చిన్న వెలుగు ముద్దలను గుర్తించిరి. అవి ఏమియో అప్పటికి తేలలేదు. 1987లో చర్చ్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి వానిని రేడియోతరంగముల సాయమున పరిశీలించెను. అమెరికాలోని న్యూమెక్సికో మైదానములో 27 పెద్ద గిన్నెలవంటి రేడియో దూరదర్శినులు వరుసలు తీరి ఉన్నవి. మన యింటి రేడియోకు ప్రసారకేంద్రపు తరంగములు అందునట్లే, ఆ గిన్నెలకు ఆకాశములోని వేడి వాయువులనుండి వెలువడు తరంగములు అందును. ఇంటి రేడియోలో గరగర శబ్దమును మనము తొలగింపజూతుము. ఆ శాస్త్రజ్ఞులకు అట్టి శబ్దమే వార్త. ఆ వెలుగు ముద్దలు పసినక్షత్రముల చుట్టునుగల చక్రములు ఆవిరియగుచుండుటవలన ఏర్పడినవై ఉండవచ్చునని వారు సూచించిరి.

1990లో అంతరిక్షమునకు పంపబడిన హబుల్ దూరదర్శిని ఈ సూచనను కంటికి కట్టినట్లు చూపినది. దాని చిత్రములను పరిశీలించి రాబర్ట్ ఓడెల్ అను శాస్త్రజ్ఞుడు 1993లో తన సహచరులతో కలిసి వానికి ప్రాప్లిడ్ అను పేరు పెట్టెను. గ్రహములకు పూర్వరూపమైన చక్రము అను అర్థము గల ఆంగ్లపదములను కుదింపగా వచ్చిన పేరిది. అవి చూచుటకు కన్నీటిబొట్టువలె ఉండును. ట్రెపీజియము వైపునకు గుండ్రని తల, ఆవలి వైపునకు సన్నని తోక. తల అంచు వెలుగుచుండును. లోపల నల్లని చక్రము కానవచ్చును. ఒక్కొక్క బొట్టు మన సౌరకుటుంబమునకు కొన్ని రెట్లు పెద్దది. ఎదురుగాలిలో దీపపు పొగ వెనుకకు మరలినట్లు ఈ తోకలు పెద్ద నక్షత్రమునకు వ్యతిరేకదిశనే చూపుచున్నవి. దానినిబట్టియే దోషి యెవరో తెలియుచున్నది. ఒరాయన్ నీహారికలో ఇట్టివి నూటయేబదికి పైగా గుర్తింపబడినవి.

వెలుగు సోకినంతమాత్రమున చక్రము ఎట్లు కరగును? దీనిని గ్రహించుటకు కొండవీటి నూతినే ఉపమానముగా గొందము. గురుత్వాకర్షణను ఒక నుయ్యి అనుకొనవలెను. నక్షత్రము ఆ నూతికి అడుగున ఉన్నది. నక్షత్రమునకు దగ్గరగా తిరుగుచున్న వాయువు లోతున ఉన్న నీరువంటిది. దూరముగా తిరుగుచున్నది పైమెట్టున ఉన్న నీరు. నూతినుండి నీరు తోడుటకు చాంతాడు ఎట్లో, నక్షత్రముయొక్క పట్టునుండి వాయువును తప్పించుటకు వేగము అట్లు. సూర్యునంతటి నక్షత్రమునకు, భూమియున్నంత దూరములో ఉన్న వాయువు తప్పించుకొని పోవలెనన్నచో సెకనుకు 42 కిలోమీటర్ల వేగము కావలెను. దానికి నూరు రెట్లు దూరమున ఉన్న వాయువునకు 4 కిలోమీటర్ల వేగము చాలును. నక్షత్రము సూర్యునిలో నాలుగవ వంతే అయినచో నుయ్యి మరింత నిస్సారమగును. అప్పుడు అదే దూరమున 2 కిలోమీటర్ల వేగమే చాలును.

ఇక చాంతాడు ఎక్కడిది? పెద్ద నక్షత్రపు అతినీలలోహిత కిరణములే దానిని అందించును. వాయువు ఎంత వేడెక్కిన దాని అణువులు అంత వేగముగా పరుగెత్తును. ఈ కిరణములలో రెండు తరగతులు ఉన్నవి. కొంచెము మెత్తనివి చక్రపు పైపొరను వేయి డిగ్రీలకు దరిదాపుగా వేడిచేయును. అప్పుడు వాయువు సెకనుకు 2, 3 కిలోమీటర్ల వేగమును పొందును. మిక్కిలి తీక్ష్ణమైనవి హైడ్రోజను అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టి, వాయువును పదివేల డిగ్రీలవరకు కాచి, 10 కిలోమీటర్లకు మించిన వేగమును ఇచ్చును. ఈ లెక్కను పై లెక్కతో సరిపోల్చినచో విషయము స్పష్టమగును. చక్రము వెలుపలి అంచునగల వాయువునకు మెత్తని కిరణములు సైతము చాలును. అది లేచి, అంతరిక్షములోనికి పోవును. దారిలో తీక్ష్ణకిరణములు తగిలి వెలుగును. మనము చూచుచున్న కన్నీటిబొట్టు తల అంచు ఆ వెలుగే. లోపలి భాగమున నున్న వాయువునకు ఆ చాంతాడు అందదు గనుక అది నిలిచియుండును. చక్రము నడుమనుండి కాక అంచులనుండి తరుగుచు వచ్చుటకు కారణమిదే. వేసవిలో చెఱువు గట్టువారనుండి ఎండుచు నడిమికి కుదించుకొనిపోవునట్లు చక్రమును కుదించుకొనిపోవును.

బరువు తక్కువైన నక్షత్రములకే నష్టము హెచ్చని దీనివలన తెలియుచున్నది. వాని నుయ్యి లోతు తక్కువ. వాని కూడబెట్టు తక్కువ. పట్టు కూడ తక్కువ. ఇంటిలో ధాన్యము తక్కువగా ఉన్నవాని గాదెకే చిల్లి పెద్దదైనట్లున్నది వాని స్థితి.

ఈ తరుగుడు ఎంత వేగముగా సాగుచున్నది? ట్రెపీజియమునకు సమీపమున గల ఒక చక్రము ఏటికి సూర్యుని పదార్థములో కోటివ వంతును పోగొట్టుకొనుచుండుట సామాన్యము. వినుటకు స్వల్పమే. కాని సూర్యుడు 3 లక్షల 33 వేల భూములకు సమానమైన బరువు గలవాడు. కావున కోటివ వంతు అనగా ముప్పది యేండ్లకు ఒక భూమంత. చక్రము బరువు మొత్తము సూర్యునిలో నూరవ వంతు అనుకొందము. ఈ లెక్కన లక్ష సంవత్సరములలో అది పూర్తిగా హరించుకొనిపోవలెను. ఒరాయన్ నక్షత్రముల వయస్సు పది లక్షల సంవత్సరములకు తక్కువ కాదు. అట్లయిన నేడు అక్కడ ఒక్క చక్రమైనను మిగిలియుండరాదు గదా! కాని నూటికి మించి కనబడుచున్నవి.

ఈ చిక్కు చాల కాలము శాస్త్రజ్ఞులను వేధించినది. దీనికి సమాధానములు ఒకటికంటె ఎక్కువగా చెప్పబడినవి. మొదటిది, ఆ నక్షత్రములన్నియు ఒక్కనాడు పుట్టినవి కావు. ఒక తరము తరువాత మరియొక తరము పుట్టినది. పెద్ద నక్షత్రము తక్కిన వానిలో అనేకములకంటె చిన్నవయస్సుది కావచ్చును. రెండవది, పుట్టినప్పటి మేఘము కొంతకాలము గొడుగువలె అడ్డముండి కిరణములను ఆపును. మూడవది, నక్షత్రములు ఒకచోట నిలువక తిరుగుచుండును. అవి ట్రెపీజియమునకు చేరువకు వచ్చినప్పుడు నష్టము హెచ్చును, దూరమైనప్పుడు తగ్గును. ఈ మూడును కలిసి ఆ చక్రములకు కొంత గడువును ఇచ్చుచున్నవి. ఆ గడువులోపల గ్రహములు తయారు కావలెను. ఇది ఒక పందెము.

పందెములో అందరికి సమాన నష్టము లేదు. ధూళిరేణువులు అతికి గులకరాళ్లంత అయినచో, వెడలిపోవు వాయువు వానిని తనతో ఈడ్చుకొనిపోజాలదు. ఊకను ఎగురగొట్టు గాలి గింజను కదలింపలేదు గదా. కావున భూమివంటి రాతి గ్రహములకు ఆశ మిగులును. బృహస్పతి, శని వంటి వాయుగ్రహములు మాత్రము వాయువు అంతరించుటకు ముందే దానిని పోగుచేసికొనవలెను. వెలుపలి అంచున పుట్టదగిన లోకములకు ముడిసరుకే కఱవగును.

శాస్త్రజ్ఞులకు ఈ సంగతి నిశ్చయమగుటకు సరిపోల్చి చూచుటకు మరియొక తావు కావలసియుండెను. అది కూడ గొల్లకావడికి దూరముగా లేదు. కావడికి పశ్చిమముగా, కొంచెము ఎగువగా, ఎఱ్ఱని రోహిణి వెలుగుచుండును. రోహిణి మనకు 65 కాంతిసంవత్సరముల దూరములోనే ఉన్నది. ఆ దిక్కుననే, దానికి ఎంతో వెనుకగా, సుమారు 450 కాంతిసంవత్సరముల దూరమున వృషభరాశి మేఘములు ఉన్నవి. అక్కడ కూడ చిన్న నక్షత్రములు పుట్టుచున్నవి. కాని ట్రెపీజియమువంటి పెద్ద నక్షత్రము ఒక్కటియు లేదు. 2014లో చిలీ దేశపు అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున గల ఆల్మా రేడియో దూరదర్శినులు అక్కడి హెచ్.ఎల్. టారి అను పసినక్షత్రమును చిత్రించినవి. దాని చక్రము తీర్చిదిద్దినట్లు పలు వలయములతో, ఖాళీలతో కనబడినది. ఆ ఖాళీలలో గ్రహములు రూపొందుచున్నవని పలువురు భావించుచున్నారు. ఇరుగుపొరుగు నెమ్మదిగా ఉన్నచోట చక్రము విశాలముగా ఉండుట దీనివలన తెలియుచున్నది. భూమిమీద మన రైతులకు రోహిణి కార్తె అనగా రోళ్లు పగులు ఎండ, మృగశిర అనగా చల్లదనము. ఆకాశములో ఈ నక్షత్రముల పురిళ్ల సంగతి మాత్రము తలక్రిందు. రోహిణి దిక్కు నెమ్మదియైనది, మృగశిర దిక్కు మంట గలది.

ఇక గొల్లకావడినే మరల చూతము. కావడి మూడు చుక్కలలో తూర్పు దానికి కొంచెము క్రిందుగా సిగ్మా అను నక్షత్రము కంటికి కనబడును. అదియు వేడి గల పెద్ద నక్షత్రము. దాని చుట్టునుగల పసినక్షత్రముల వయస్సు 30 లక్షల నుండి 50 లక్షల సంవత్సరములు. 2017లో ఆల్మాతో వాని చక్రములను కొలిచినప్పుడు, సిగ్మాకు దూరముగా ఉన్న వానికంటె దగ్గరగా ఉన్న వానిలో ధూళి తక్కువగా ఉన్నట్లు తేలినది. దానికి సుమారు ఒకటిన్నర కాంతిసంవత్సరముల లోపల మూడు భూములకు మించిన ధూళిగల చక్రము ఒక్కటియు లేదు. పొయ్యికి దగ్గరగా ఉన్న కుండలోని నీరు ముందు ఇంకునట్లు ఇక్కడ లెక్క కట్టి చూపినట్లయినది. ఆ కావడి తూర్పు చుక్కకు ఆనుకొని ఉన్నట్లు కనబడు మరియొక నీహారికలో, పుట్టి పది లక్షల సంవత్సరములైనను నిండని పసికూనల చక్రములు సైతము తరుగుచుండుట 2021లో వెల్లడియైనది. కత్తిలోని పై చుక్క సమీపమున, తీటా-1 సికంటె ఎంతో బలహీనమైన నక్షత్రము కాంతిలో కూడ ఇట్టి బొట్లు ఏర్పడుచుండుట 2016లో కనుగొనబడినది. కావున ఇది ఒక్క ట్రెపీజియపు దౌర్జన్యము కాదు. పెద్ద నక్షత్రము ఉన్న ప్రతి పురిటింటను కొంతగానో గొప్పగానో జరుగుచున్నదే.

2021 డిసెంబరులో ప్రయోగింపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ కథకు కొత్త అధ్యాయములు చేర్చినది. అది వేడిమిని తెలుపు పరారుణ కిరణములతో చూచును. ఒరాయన్ నీహారికలో సూర్యునిలో మూడవ వంతైనను బరువు లేని ఒక చిన్న నక్షత్రపు చక్రమును అది పరిశీలించినది. 2024లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి ఆ చక్రము మెత్తని అతినీలలోహిత కిరణములవలననే వాయువును వేగముగా పోగొట్టుకొనుచున్నది. పది లక్షల సంవత్సరములైనను గడువకముందే దాని వాయువు అంతయు పోవును. అక్కడ బృహస్పతివంటి గ్రహము పుట్టుటకు ఆస్కారము మిగులదు. అయితే అదే చక్రములో 2023లో మిథైల్ కాటయాన్ అను ఒక కార్బను పదార్థము కనబడినది. అంతరిక్షములో అంతకుముందెన్నడును అది కానరాలేదు. జీవమునకు మూలమైన కార్బను సమ్మేళనములు రూపొందుటకు అది మొదటి మెట్లలో ఒకటి. అది ఏర్పడుటకు శక్తినిచ్చినవి ఈ అతినీలలోహిత కిరణములే. ఒక చేత దోచుచున్న వెలుగు మరియొక చేత ఏదో ఇచ్చుచున్నదన్న మాట. అది ఇచ్చునది ఎక్కువయో, దోచునది ఎక్కువయో ఆ చక్రములో గ్రహములు మిగిలిన గాని తేలదు.

ఈ సంగతులన్నియు మనకేల అని కొందరు అడుగవచ్చును. మన సూర్యుడు కూడ ఒంటరిగా పుట్టినవాడు కాడని అనేకుల అభిప్రాయము. నక్షత్రములలో హెచ్చు భాగము గుంపులలోనే పుట్టును. సూర్యుని విషయమున కొన్ని ఆనవాళ్లు కూడ ఉన్నవి. 1969లో మెక్సికో దేశమున అల్యెండే అను చోట పడిన ఉల్కాశిలలో, ఒకనాడు అల్యూమినియము-26 అను పదార్థము ఉండెననుటకు 1976లో సాక్ష్యము దొరకినది. ఆ పదార్థము నిలుకడ లేనిది. ఏడు లక్షల సంవత్సరములకొకసారి దానిలో సగము నశించును. కావున సౌరకుటుంబము పుట్టుటకు కొంచెము ముందే అది ఎక్కడనో తయారై వచ్చియుండవలెను. అది పెద్ద నక్షత్రముల గర్భములో తయారగు సరుకు. మన సూర్యుని బాల్యములో పెద్ద నక్షత్రము ఒకటి ఇరుగున ఉండెనని పలువురు దీనినిబట్టి అనుమానించుచున్నారు. మరియొక ఆనవాలు మన సౌరకుటుంబపు పొలిమేరలో ఉన్నది. నెప్ట్యూనునకు ఆవల మంచు శిలల పట్టీ ఒకటి ఉన్నది. సూర్యునికి భూమికి గల దూరమునకు 50 రెట్ల దూరము వచ్చుసరికి ఆ పట్టీ పలుచబడి ఆగిపోవుచున్నది. మన చక్రపు అంచు కూడ ఒకనాడు కిరణముల చేత కోసివేయబడినదా, లేక దగ్గరగా పోయిన వేరొక నక్షత్రము దానిని చెఱిపినదా అను చర్చ శాస్త్రలోకమున సాగుచున్నది.

ఒక్కటి మాత్రము స్పష్టము. భూమి ఏర్పడిన లోపలి భాగము, అనగా నూతి అడుగు, చెక్కుచెదరక నిలిచినది. వెలుగు మన సూర్యుని చక్రపు అంచును తాకియుండినను మన మడిలోని నీటిని తోడుకొనిపోలేదు. సూర్యుడు మరికొంత బరువు తక్కువ అయియుండినను, పెద్ద నక్షత్రమునకు మరికొంత చేరువలో పుట్టియుండినను, ఈ భూమియు దీనిమీది జీవులును ఏమై యుండెడివో మనము చెప్పజాలము. ఒక నక్షత్రమునకు గ్రహములు ఉండుటయు లేకుండుటయు దాని స్వభావముమీదనే కాక ఇరుగుపొరుగుమీద కూడ ఆధారపడునని ఒరాయన్ నీహారిక మనకు నేర్పుచున్నది. ఇతర నక్షత్రముల చుట్టును వేలకొలది గ్రహములను కనుగొనుచున్న ఈ కాలమున, ఏ నక్షత్రమునకు ఎట్టి గ్రహములు దక్కినవో తెలియవలెనన్నచో, అది ఎట్టి గుంపులో పుట్టినదో కూడ విచారింపవలసి యున్నది.

శీతకాలపు రాత్రులలో కొండవీటి చుట్టుప్రక్కల పల్లెలలోనే గాక తెలుగునాట ఎచట నిలిచినను గొల్లకావడి కనబడును. దీపముల వెలుగు తక్కువగా ఉన్న తావునకు పిల్లలను తోడుకొనిపోయి, కావడి క్రింది కత్తిలో నడిమి మసక చుక్కను వారికి చూపవచ్చును. చేతిలో పట్టుకొను చిన్న దూరదర్శిని ఉన్నచో అది పలుచని మేఘమువలె విడివడి కనబడును. ట్రెపీజియపు నాలుగు చుక్కలను విడివిడిగా చూడవలెనన్నచో కాళ్లపై నిలుపు దూరదర్శిని కావలెను. కన్నీటిబొట్లవంటి ఆ చక్రములు దానికిని అందవు. కాని ఆ మసకలో వేలకొలది పసిసూర్యులు తమతమ లోకములను కూర్చుకొనుటకు గడువుతో పందెము వేయుచున్నారని తెలిసి చూచినవారికి, మామూలు చుక్కగా కనబడుచు వచ్చిన ఆ తావు ఇక మామూలు చుక్కగా తోచదు.